నెత్తి మీది మబ్బు

వాతావరణ కార్యాలయం రెండో అంతస్తులో అంచనాల గదికి పడమటి గోడన కిటికీ లేదు. ఈ ఊరికి మబ్బులన్నీ పడమటి నుంచే వస్తాయి. ఈ రెండు ముక్కలూ తెలిసిన మనిషి ఆ భవనం కట్టేటప్పుడు ఒక్కడూ దగ్గర లేడు కాబోలు. ఆకాశం చూడాలంటే గదిలోంచి బయటికొచ్చి, పొడుగాటి వరండా చివరిదాకా నడిచి, మరుగుదొడ్డి తలుపు పక్కనున్న కిటికీ దగ్గర నిలబడాలి. పిడుగుల గురించీ వడగళ్ళ గురించీ ఊరంతా ఎవరి మాట కోసం చెవులు రిక్కించి కూర్చుంటుందో, ఆ పెద్దమనుషులు మబ్బు మొహం చూసేది అలా చేతులు కడుక్కుని వస్తూ వస్తూనే.

వాళ్ళలో వద్దుగారు మాత్రం పదకొండేళ్ళుగా ఆ కిటికీ దగ్గరికి వెళ్ళలేదు. అవసరమైతే మోకాళ్ళ నొప్పులతో, కమ్మీ పట్టుకుని, మెట్లు దిగి కింది అంతస్తులోని మరుగుదొడ్డికి పోతాడు. ఎందుకు ఈ అవస్థ అని కొత్తవాళ్ళెవరైనా అడిగితే పాతవాళ్ళు కళ్ళతోనే ఊరుకోమంటారు. ఆ కిటికీలోంచి ఆకాశంతో పాటు ఇంకొకటి కూడా కనిపిస్తుంది. రెండు వీధుల అవతలున్న లాండ్రీ పెరడు.

ఆయన అసలు పేరు హాజరు పట్టీలో ఉంటుంది. నోళ్ళలో మాత్రం వద్దుగారే. వేసవి చివరి నెల వచ్చిందంటే ఆయన టేబుల్ మీది ఫోను ఊపిరాడనివ్వదు. బడి మైదానంలో పరుగు పందేలు పెట్టుకోవచ్చా సార్? వద్దు. మేడ మీద సిమెంటు పోయిస్తున్నాం, రేపైతే ఫర్వాలేదా? వద్దు. సాయంత్రం పడవ తియ్యమంటారా? అడిగినవాడి మాట పూర్తి కాకుండానే, వద్దు. రాడార్ మేస్త్రి అని ఒకాయన ఉన్నాడు, మేడ మీద తిరిగే ఆ పెద్ద పళ్ళేనికి ముప్ఫై ఏళ్ళుగా నూనె పోసి, నట్లు బిగించి, బతికించుకొస్తున్నవాడు. ఆయనంటాడు, “ఈయన పుట్టగానే వాళ్ళమ్మ పాలు తాగుతావురా అంటే కూడా వద్దనే అనుంటాడండీ” అని. అందరూ నవ్వుతారు. వద్దుగారూ నవ్వుతాడు, కాకపోతే మూతితో మాత్రమే.

ఇన్ని ఫోన్లలో ఒక్కటి మాత్రం వేళ తప్పదు. మధ్యాహ్నం మూడింటికి లాండ్రీ నుంచి మేనకోడలు చేస్తుంది.

“మావయ్యా, ఆరెయ్యనా?”

“వద్దమ్మా.”

“సరే.”

అంతే. పెట్టేసి, ఆ పిల్ల శుభ్రంగా ఆరేస్తుంది. ఆరెయ్యక ఏం చేస్తుంది పాపం? ఆసుపత్రి దుప్పట్లు, హోటళ్ళ దుప్పట్లు, రోజుకి రెండు విడతలు. బట్టలారబెట్టే యంత్రం ఒకటుంది గానీ అది సగానికి కూడా సరిపోదు. పొద్దుట విడత ఒంటిగంటకల్లా ఆరుతుంది, రెండో విడత మూడింటికి తీగల మీదికెక్కాలి, లేకపోతే మర్నాడు ఆసుపత్రిలో మంచాలకి పరుపులే మిగులుతాయి. మావయ్య మాట విని ఊరుకుంటే లాండ్రీ మూసుకోవాల్సిందే. ఆ సంగతి ఆయనకీ తెలుసు. అయినా రోజూ ఆమె అడుగుతుంది, రోజూ ఈయన వద్దంటాడు.

పదకొండేళ్ళ కిందట కూడా మూడింటికే ఫోను మోగేది. అప్పుడు అడిగేది ఆయన అక్క. మొగుడు పోయాక చిన్న పిల్లని చంకనేసుకుని, ఒక్క గచ్చు తొట్టితో మొదలుపెట్టి, ఆ లాండ్రీని నిలబెట్టిన మనిషి. గొంతు పెద్దది, చేతులు ఇంకా పెద్దవి. “నా తమ్ముడు చెప్పాడంటే మబ్బు కూడా ఆగి వింటుంది” అని పనివాళ్ళ దగ్గర గొప్పలు పోయేది. నిజానికి అప్పుడాయన వద్దుగారు కాదు. ఊళ్ళో అంతా మబ్బుల మాస్టారు అనేవాళ్ళు, ఆయన చెప్పినది చెప్పినట్టు జరిగేది, కాస్త గర్వం కూడా ఉండేదని చెప్పాలి.

ఆ రోజు పడమట ఒక మబ్బు లేచింది. రాడార్ తెర మీద ఎర్రటి మచ్చ, నడుమ ఊదా చుక్క. ఊదా అంటే కడుపులో వడగళ్ళున్నాయని లెక్క. మాస్టారు రెండున్నరకే హెచ్చరిక పంపాడు. మూడు కావస్తుండగా మచ్చ ఊరి దగ్గరికొచ్చింది, వస్తూ వస్తూ ఎరుపు పలచబడింది, ఊదా చుక్క మాయమైపోయింది. హమ్మయ్య, తగ్గింది అనుకున్నాడు. హెచ్చరిక ఎత్తేశాడు. అంతలో ఫోను.

“ఏరా, ఆరెయ్యనా?”

“ఆరేసుకో అక్కా. తగ్గిపోయింది. భయం లేదు.”

“సరేరా తమ్ముడూ, అయితే ఆరేస్తా.”

తొమ్మిది నిమిషాలకి మబ్బు తన కడుపులో ఉన్నదంతా ఊరి మీద కుమ్మరించింది. ముందు గాలి, వెనకాలే వడగళ్ళు. తీగకి ముప్ఫై తడి దుప్పట్లు, అప్పటికే అలాంటివి అయిదు తీగలు. అన్నీ ఒక్కసారి గాలి పోసుకుని ఉబ్బాయి. ఇనప స్తంభాలు సిమెంటు దిమ్మలతో సహా పెకిలించుకొచ్చాయి. పనివాళ్ళు లోపలికి పరిగెత్తారు. ఆసుపత్రి దుప్పట్లు బురద పాలవుతాయని ఆవిడ మాత్రం వెనక్కి వెళ్ళింది. ఒక స్తంభం ఆవిడ మీద పడింది.

మబ్బు తగ్గలేదు. ఊరి నెత్తి మీదికి వచ్చిందంతే. రాడార్ పళ్ళెం గిరగిరా తిరుగుతుంది, మెల్లగా తల పైకెత్తుతుంది, కానీ నిట్టనిలువుగా ఎత్తలేదు. వంద మైళ్ళ అవతలున్న మబ్బుని చూస్తుంది, తన నెత్తి మీద కూర్చున్నదాన్ని చూడలేదు. అందుకే సరిగ్గా మీదికొచ్చిన మబ్బు తెర మీద చిక్కిపోయినట్టు కనిపిస్తుంది. అప్పుడు చెయ్యాల్సిన పని చాలా చిన్నది, పక్క కేంద్రం వాళ్ళ రాడార్ బొమ్మ తెరిచి చూడడం. దూరంగా ఉన్నవాళ్ళకి మన నెత్తి బాగా కనిపిస్తుంది. ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే ఈ పాఠం చెప్తారు. మాస్టారే ఎంతమందికో చెప్పాడు. తెలియక చేసిన తప్పయితే ఏడ్చి ఊరుకునేవాడేమో. తెలుసు. తెలిసీ, ఆ పది నిమిషాలూ గుర్తు రాలేదు. తగ్గాలని కోరుకుంటున్నవాడి కళ్ళకి తగ్గినట్టు కనపడింది, నమ్మేశాడు.

విచారణ జరిగింది. ‘పరికరానికున్న పరిమితి వల్ల’ అని రాసి ముగించారు. పాపం, ఆ పళ్ళేనికి నోరుంటే ఏమనేదో. ఫోను సంగతి ఎవరూ అడగలేదు, ఆయన చెప్పలేదు. అక్క కూతురికి అప్పుడు పదిహేనేళ్ళు. తీసుకొచ్చి తన ఇంట్లో పెట్టుకున్నాడు. ఆరేళ్ళు ఆ పిల్ల ఆయన ఎదురుగా కూర్చుని తిన్నది, చదువుకుంది, అత్తయ్యతో పోట్లాడింది, ఆయన కళ్ళజోడు పోతే వెతికి పెట్టింది. ఆ ఆరేళ్ళలో చెప్పేద్దామని ఆయన ఎన్నిసార్లు గొంతు సవరించుకున్నాడో లెక్క లేదు. ప్రతిసారీ ఆ పిల్ల తలెత్తి, “ఏంటి మావయ్యా?” అనేది. “ఏం లేదమ్మా, కూర కాస్త వెయ్యి” అనేవాడు. ఇరవై ఒక్కటి రాగానే వెళ్ళి లాండ్రీ తలుపులు మళ్ళీ తెరిచింది. తెరిచిన మొదటి రోజే, మధ్యాహ్నం మూడింటికి ఫోను చేసింది. “మావయ్యా, ఆరెయ్యనా?” అదే మాట.

పిల్లకి తెలియదు, తల్లిలాగే మామూలుగా అడుగుతోంది అని తనకి తాను సర్దిచెప్పుకున్నాడు. కానీ అప్పట్నించీ మూడింటి ఫోను ఆయనకి రోజూ ఒక గండం. తీసీ తియ్యగానే, అవతలి గొంతు పలికే ముందు చిన్న ఊపిరి వినిపిస్తుంది. ఆ ఊపిరి ఎవరిదో ఒక్క క్షణం పాటు తెలియదు. గడ్డం గీసుకుంటున్నప్పుడు, పెరట్లో పంపు తిప్పుతున్నప్పుడు, ఉన్నట్టుండి చెవి పక్కనే, “సరేరా తమ్ముడూ” అన్నట్టుంటుంది. నమ్మినా నమ్మకపోయినా, తిరిగి చూసేవాడు. వీధిలో పోతుంటే ఎక్కడైనా తడి దుప్పటి గాలికి ఫట్‌మని కొట్టుకుంటే చాలు, ఎవరి అరుగు దొరికితే దాని మీద కూలబడేవాడు. ఆయన ఇంట్లో బట్టలు బయట ఆరెయ్యరు. వెనక గదిలో కుర్చీల మీద వేస్తారు. గదంతా ముక్కిన వాసన. “ఆకాశంతో కాపురం చేస్తున్నట్టుంది మీతో” అని భార్య విసుక్కుంటుంది, విసుక్కుంటూనే దుప్పట్లు కుర్చీల మీద పరుస్తుంది.

అలా ఒక్క ‘ఆరేసుకో’ చెప్పిన పాపానికి ఆయన పదకొండేళ్ళు వద్దు అంటూనే ఉన్నాడు. ఈ వేసవిలో మరీ మితిమీరింది. ఆఖరి నెలలో మూడు హెచ్చరికలు పంపాడు, మూడూ ఉత్తివే. మొదటిదానికి బళ్ళు మూసేశారు, ఎండ కాసింది. రెండోదానికి సంత ఎత్తేశారు, నాలుగు చినుకులు రాలాయి. మూడోదానికి బస్సులాపేశారు, ఆ సాయంత్రం గాలి ఎంత మెల్లగా వీచిందంటే పిల్లలు వీధుల్లో సబ్బు బుడగలు ఊదుకున్నారు. మర్నాడు ఆఫీసు పెద్దసారు ఆయన్ని పిలిచి తలుపు వేశాడు.

“ఏమయ్యా, ఊరంతా మనల్ని చూసి నవ్వుతోంది. నువ్వేం అనుభవించావో నాకు తెలుసు. తెలిసే ఇన్నాళ్ళూ ఊరుకున్నాను. కానీ ఇంకొక్క ఉత్తి హెచ్చరిక వచ్చిందనుకో, నిన్ను పాత రికార్డుల గదికి పంపుతాను. కోపంతో కాదు. రేపు నిజంగా వచ్చినప్పుడు మన మాట ఎవడు వింటాడు చెప్పు?”

ఆయన అన్నది అబద్ధం కాదు. అదే వద్దుగారిని ఎక్కువ బాధపెట్టింది.

ఆ మాట జరిగిన వారానికి ఆ రోజు వచ్చింది. పొద్దున వదిలిన బెలూన్ పైకెళ్ళి పంపిన అంకెలు చూసి ఆయన కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు. నేల దగ్గర ఉక్క, తేమ. పైన ఎండు గాలి. ఇంకా పైన గాలి వేగం విపరీతం. పదకొండేళ్ళ కిందటి కాగితం ఆయన సొరుగులో అడుగున ఉంటుంది. తియ్యనక్కర్లేదు, కంఠతా వచ్చు. రెండూ అక్కచెల్లెళ్ళలా ఉన్నాయి.

రెండుంబావుకి పడమట ఎర్రటి మచ్చ లేచింది. రెండున్నరకి నడుమ ఊదా చుక్క. అలవాటు ప్రకారం ఆయన చెయ్యి ముందుగా పక్క కేంద్రం బొమ్మ మీదికే పోయింది. తెర నల్లగా ఉంది. ఫోను చేస్తే, “అరగంటైంది సార్, మాకు పిడుగు పడి లైను పోయింది” అన్నారు. ఇన్నేళ్ళలో ఒక్క రోజు కూడా ఆ బొమ్మ లేకుండా ఆయన కూర్చోలేదు.

రెండూ నలభైకి మచ్చ ఊరి పొలిమేర చేరింది. చేరుతూనే పలచబడడం మొదలుపెట్టింది. పెద్దసారు వచ్చి కుర్చీ వెనక నిలబడ్డాడు.

“తగ్గుతోంది కదయ్యా.”

“నెత్తి మీదికొస్తే అలాగే కనిపిస్తుంది సార్.”

“నిజంగా తగ్గినా అలాగే కనిపిస్తుంది కదా! పక్క బొమ్మ లేకుండా ఏదో ఎలా తేలుస్తావు?”

హెచ్చరిక పంపడానికీ ఆధారం లేదు, మానుకోవడానికీ లేదు. ఊదా చుక్క చిన్నదై, చిన్నదై, పోయింది. అచ్చం ఆనాటిలాగే. ఆయన చేతివేళ్ళు టేబుల్ అంచుని పట్టుకున్నాయి. తగ్గింది అని నమ్మితే ఎంత హాయి! ఆ హాయి గుర్తుంది ఆయనకి. దాన్ని చూస్తేనే భయం.

అప్పుడే రాడార్ మేస్త్రి తడి చేతులు పంట్లాముకి తుడుచుకుంటూ తలుపు దగ్గరికొచ్చాడు. లోపల ఏం జరుగుతోందో కాసేపు విన్నాడు.

“కిటికీలోంచి చూస్తే పోలా?” అన్నాడు.

మేస్త్రి నాలిక కరుచుకున్నాడు గానీ మాట వెనక్కి తీసుకోలేదు. “నేను చూస్తే నాకేం తెలుస్తుంది, నట్లూ బోల్టులూ తప్ప. చూసి చెప్పగలిగినవాడివి నువ్వొక్కడివే” అన్నాడు మెల్లగా.

వద్దుగారు లేచాడు. వరండా ఎంత దూరం ఉంటుంది, నలభై అడుగులు. ఆ నలభై అడుగుల్లో ఆయన రెండుసార్లు ఆగి గోడ పట్టుకున్నాడు. కిటికీ రెక్క తుప్పు పట్టి కదల్లేదు, భుజంతో తోశాడు.

ముందు కళ్ళు కిందికే పోయాయి. పోవద్దన్నా పోయాయి. లాండ్రీ పెరడు, స్తంభాల వరసలు. తొమ్మిదిమంది ఆడవాళ్ళు నెత్తి మీద బుట్టలు మోసుకొచ్చి దించుతున్నారు. వాళ్ళ మధ్యలో ఒక మనిషి చీరకొంగు నడుముకి దోపి, చెయ్యెత్తి తీగ లాగి చూస్తోంది. పెద్ద చేతులు. అక్క! అని ఆయన నోటి వెంట వచ్చేసింది. కాదు, మేనకోడలు. నిలబడ్డ తీరు ఒకటే.

అప్పుడు తల ఎత్తి చూశాడు. మబ్బు నల్లగా లేదు. నల్లగా ఉంటే అంత భయపడేవాడు కాదు, అలాంటి నలుపు నెలకి పదిసార్లు వస్తుంది. ఈ మబ్బు అడుగు పాచి పట్టిన నీళ్ళ రంగులో ఉంది. దాని ముందు అంచు చాప చుట్టినట్టు చుట్టుకుని, కిందికి వాలి, ఇటే వస్తోంది. ఉరుము విడిగా వినపడడం లేదు, ఎడతెగకుండా రాళ్ళు దొర్లుతున్న చప్పుడు. కాకి అన్నది ఒక్కటి లేదు ఆకాశంలో. కడుపునిండా మంచు రాళ్ళు మోస్తున్న మబ్బుకే ఆ రంగు వస్తుందని ఆయనకి తెలుసు. ఇంతకాలం తెర మీద వెతుక్కున్నది ఇక్కడ, మరుగుదొడ్డి పక్కన, కళ్ళెదుట ఉంది.

మోకాళ్ళ నొప్పులున్న మనిషి పరిగెత్తాడు.

“పంపుతున్నాను సార్.”

“నా సంతకం పెట్టను.”

“వద్దు. నాది చాలు.”

పెద్దసారు ఒక్క క్షణం ఆయన మొహం చూశాడు. చెయ్యి పట్టుకుని ఆపలేదు, అంతవరకు ఆయన మంచితనమే. రెండూ నలభై ఎనిమిదికి హెచ్చరిక రేడియోకీ, ఫోన్లకీ, వీధి మైకులకీ వెళ్ళిపోయింది. పదిహేను నిమిషాల్లో ఈదురుగాలి, వడగళ్ళు, అందరూ గట్టి కప్పు కిందికి పొండి. వీధిలోంచి ఎవరో, “వద్దుగారొచ్చార్రోయ్!” అని అరవడం, నలుగురు నవ్వడం పైకి వినిపించింది.

ఆయన లాండ్రీకి ఫోను చేశాడు. పదకొండేళ్ళలో ఆయన చెయ్యడం అదే మొదలు.

“అమ్మా, ఆరెయ్యొద్దు. అందర్నీ లోపలికి పొమ్మను, ఇప్పుడే.”

“మూడు కూడా కాలేదు, అప్పుడే వద్దా?” మేనకోడలు నవ్వుతోంది. వెనక ఆడవాళ్ళ మాటలు, బుట్టల చప్పుడు. “మావయ్యా, ఈ నెలలో నువ్వు వద్దనని రోజు లేదు. నేను ఆరెయ్యని రోజూ లేదు. ఆసుపత్రివి నాలుగువందల దుప్పట్లున్నాయి ఇక్కడ.”

“ఈసారి నిజం.”

“పోయిన వారం కూడా నిజమే అన్నావు.”

“నా మాట విను తల్లీ...”

“వింటున్నాగా. ఒక గంటలో తీసేస్తాం. ఉంటా మరి.”

“ఆగు!” అని అరిచాడు. గదిలో అందరూ తిరిగి చూశారు. చూస్తే చూశారు. ఇన్నేళ్ళు దాచుకున్నది ఒక్కసారిగా బయటికొచ్చింది. “ఆ రోజు మీ అమ్మ నాకు ఫోను చేసింది. ఆరెయ్యనా అని అడిగింది. ఆరేసుకో అన్నాను. తగ్గిపోయిందన్నాను. తగ్గలేదు. నేను చూసుకోలేదు. మీ అమ్మని పొట్టన పెట్టుకున్నది పరికరం కాదమ్మా, నేను. ఆ మబ్బే ఇది. ఇప్పుడు కిటికీలోంచి చూసి వస్తున్నాను.”

అవతల బుట్టల చప్పుడు ఆగింది. ఊపిరి ఒక్కటే వినపడుతోంది. ఎవరిదో తెలియని ఆ చిన్న ఊపిరి.

“నాకు తెలుసు మావయ్యా” అంది మేనకోడలు. తర్వాత, “కిటికీలోంచి చూశావా? నువ్వా?” అంది. ఆ వెంటనే లైను తెగిపోయింది. ఆమె పెట్టేసిందో, దానంతటదే పోయిందో ఆయనకి అర్థం కాలేదు. మళ్ళీ చేస్తే మోగలేదు.

మూడూ మూడుకి గాలి వచ్చింది. తలుపులన్నీ ఒక్కసారి కొట్టుకున్నాయి. దీపాలు పోయాయి. మేడ మీద రాడార్ పళ్ళెం మూలగడం పెద్ద జంతువు మూలిగినట్టు వినిపించింది, మేస్త్రి రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు. తర్వాత వడగళ్ళు. మొదట గోలీలు, ఆ తర్వాత నిమ్మకాయలు. వీధిలో కార్ల అద్దాలు పగులుతున్న చప్పుడు వరసగా వినిపిస్తోంది. అందులో పెద్దసారుదీ ఒకటి. ఆయన గోడకానుకుని కూర్చుని, “నీ దుంప తెగ, వచ్చిందయ్యా” అన్నాడు, మబ్బునో వద్దుగారినో మరి. వద్దుగారికి అవేమీ వినపడలేదు. ఆ హోరులో కూడా ఆయన చెవులు తడి దుప్పట్లు ఫట్‌ఫట్‌మనే చప్పుడు కోసమే వెతుకుతున్నాయి.

పద్దెనిమిది నిమిషాలకి ఆగింది. మేస్త్రి పిలుస్తున్నా ఆగకుండా ఆయన వీధిలోకి వెళ్ళాడు. రోడ్డంతా మంచురాళ్ళు, చెప్పులు జారిపోతున్నాయి. రెండు వీధులు. మొదటి వీధి మలుపులో సోడా బండి తిరగబడి ఉంది. రెండో వీధిలో కరెంటు స్తంభం ఒరిగింది. లాండ్రీ గోడ దగ్గరికొచ్చాక ఆగిపోయాడు. తలుపు తెరిచే ఉంది. లోపలికి చూడడానికి ఎంతసేపు పట్టిందో ఆయనకే తెలియదు.

పెరట్లో ఆరు స్తంభాలు పెకిలించుకుని పడి ఉన్నాయి. తీగలు చిక్కుపడి నేల మీద మెరుస్తున్నాయి. వాటి మీద ఒక్క దుప్పటి లేదు. ఒక్కటంటే ఒక్కటి లేదు. ఖాళీ తీగలు. ఆయన ఆ మంచురాళ్ళలోనే కూర్చుండిపోయి, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు.

నీళ్ళు కాచే బాయిలర్ గది తలుపు తీసుకుని తొమ్మిదిమంది ఆడవాళ్ళూ బయటికొచ్చారు, తడి దుప్పట్ల బుట్టలతో సహా. అందరికన్నా వెనక మేనకోడలు. వచ్చి, ఆయన పక్కన గొంతుక్కూర్చుంది.

“లే మావయ్యా, చలేస్తుంది.”

“నీకెలా తెలుసు?”

“అమ్మ ఫోను పెట్టేసి నా వైపు తిరిగి చెప్పింది. మావయ్య ఆరేసుకోమన్నాడే, పద అంది. నేను పక్కనే ఉన్నాగా.”

“ఇన్నేళ్ళూ... నా ఇంట్లో... ఒక్క మాటైనా అనలేదేమే?”

“అంటే నువ్వు బతికుండేవాడివా?” అంది మేనకోడలు కోపంగా, కళ్ళు తుడుచుకుంటూ. “నువ్వు కూడా పోతే నాకెవరున్నారప్పుడు? కోపం లేదనుకుంటున్నావేమో. చచ్చేంత ఉండేది. నువ్వు కూర వెయ్యమన్నప్పుడల్లా గిన్నె నీ నెత్తిన బోర్లిద్దామనిపించేది.”

ఆయనకి ఏడుపులో నవ్వొచ్చింది, నవ్వు మధ్యలో ఆగిపోయింది. “మరి రోజూ ఆ ఫోనెందుకు చేసేదానివి? నన్ను చంపడానికా?”

మేనకోడలు ఒక మంచురాయి చేతిలోకి తీసుకుంది. అది కరిగేదాకా అరచేతిలో తిప్పింది.

“ఎప్పుడో ఒకసారి నువ్వు పైకి చూసి చెప్తావేమోనని. నువ్వెప్పుడూ మబ్బుని చూసి చెప్పలేదు మావయ్యా. అమ్మని చూసి చెప్పేవాడివి. ఎండ మండిపోతున్నా వద్దే, మబ్బు పట్టినా వద్దే. ఇవాళ కిటికీలోంచి చూశానన్నావు. అందుకే తీగల మీద వేసినవి కూడా తీయించేశాను.”

మర్నాడు పొద్దున్నే పెద్దసారు పగిలిన కారద్దానికి అట్టముక్క అంటించుకుని ఆఫీసుకొచ్చాడు. రికార్డుల గది మాట ఎత్తలేదు. హెచ్చరిక కాగితం తెప్పించుకుని, అడుగున వద్దుగారి సంతకం కింద తన సంతకమూ పెట్టాడు. పెట్టాల్సిన రోజు పెట్టలేదని ఆయన మొహంలో సిగ్గు కనిపించింది. ఊళ్ళో కప్పులు ఎగిరాయి, చెట్లు పడ్డాయి, ఇద్దరికి తలలు పగిలి కట్లు పడ్డాయి. నవ్వినవాళ్ళు కూడా లోపలికి పోయే నవ్వారు కాబట్టి ప్రాణం ఒక్కటీ పోలేదు.

మూడింటికి ఫోను మోగింది.

“మావయ్యా, గోడకీ బాయిలర్ గది కిటికీకీ మధ్య తాడు కట్టాం. ఆరెయ్యనా?”

వద్దు అన్న మాట నాలిక చివరికి వచ్చేసింది, అలవాటు అలాంటిది. దాన్ని మింగి, “ఒక్క నిమిషం ఉండమ్మా” అన్నాడు. ఫోను బల్ల మీద పెట్టాడు. తన తెర చూశాడు. పక్క కేంద్రం బొమ్మ తిరిగొచ్చింది, అదీ చూశాడు. లేచి వరండా చివరిదాకా నడిచి, కిటికీలోంచి నడుం దాకా బయటికి వంగి, పడమట చూసి, తర్వాత మెడ విరిచి సరిగ్గా తన నెత్తి మీదికి చూశాడు. కింద పెరట్లో తాడు పక్కన మేనకోడలు చెవి దగ్గర ఫోను పెట్టుకుని, తలెత్తి ఇటే చూస్తోంది.

తిరిగొచ్చి ఫోను అందుకున్నాడు.

“ఆరెయ్యి” అన్నాడు.

అవతల చిన్న ఊపిరి.

“సరే మావయ్యా, అయితే ఆరేస్తా.”

ఆయన ఫోను పెట్టేసి మళ్ళీ కిటికీ దగ్గరికి వెళ్ళాడు. దుప్పట్లన్నీ ఆరి, మడతలు పడి, బుట్టల్లో లోపలికి వెళ్ళిపోయేదాకా అక్కడే నిలబడ్డాడు.